చిన్న స్తంభం

మెట్ల మలుపులో మూడు తలుపుల బీరువా ఇరుక్కుంది. అందులో వింతేమీ లేదు. మెట్లు కట్టించేవాళ్ళు మనుషుల్ని తలుచుకుని కట్టిస్తారు గానీ బీరువాల్ని తలుచుకుని కట్టించరు. ఈసారి బీరువాతోపాటు మనిషి కూడా ఇరుక్కున్నాడు, అదీ వింత. బీరువాకీ గోడకీ నడుమ, చెంప చెక్కకి ఆనించి, రెండు చేతులూ అడుగున పెట్టి చిన్న స్తంభం నిలబడిపోయాడు. వాడి కుడి పాదం మెట్టు అంచున పడింది. మడమ కింద సగం మెట్టు ఉంది, సగం లేదు. అలాంటప్పుడు ఎవరి పాదమైనా కాస్త పక్కకి ఒరిగి సర్దుకుంటుంది. వాడిది సర్దుకోలేదు. చీలమండ కిందుగా, బయటివైపున, మేకు దిగినట్టు నొప్పి పుట్టి మోకాలిదాకా పాకింది.

"ఏం బామ్మర్దీ, నిద్రపోయావా?" అన్నాడు పైనుంచి బావ. బీరువా పై కొస బావ చేతుల్లో ఉంది. ఒకరికొకరు కనపడరు.

"ఆగు," అన్నాడు చిన్న స్తంభం.

"ఆగే ఉన్నానయ్యా. నువ్వు చెప్పకుండా ఎక్కడికి పోతాను?"

వాళ్ళది ఇళ్ళ సామాన్లు మార్చే పని. తండ్రి, కొడుకు, అల్లుడు, ఒక పాత వ్యాను. తండ్రిని ఊరంతా స్తంభం అంటుంది. ఎంత బరువు ఎత్తినా ఆయన కాళ్ళు అటూ ఇటూ ఒరగవు కాబట్టి ఆ పేరు. పాదాలు రెండూ బల్లపరుపుగా నేలని కరుచుకుని, వేళ్ళు బయటికి తిరిగి ఉంటాయి. ఆయన నడిచొస్తుంటే ఎవరో దుంగల్ని ఒక్కొక్కటిగా నేలమీద పెడుతున్నట్టు చప్పుడవుతుంది. మోసినవాడి కాలు అలాగే ఉంటుందనీ, బరువు దిగి దిగి గట్టిపడుతుందనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనకి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది, ఆ పెద్దాయన పాదాలూ ఇంతే.

కొడుకు పన్నెండో ఏట మొదటిసారి కుర్చీలు మోయడానికి వచ్చాడు. ఏడాది తిరక్కుండానే వాడి పాదం కూడా పరుచుకుని బయటికి తిరిగింది. ఇంకో ఇంట్లో అయితే కన్నవాళ్ళు బెంగపెట్టుకునేవాళ్ళు. స్తంభం మాత్రం, పసిబిడ్డకి మొదటి పన్ను వచ్చినంత సంబరంగా, "మావాడికి కాలు దిగింది" అని పదిమందికీ చెప్పుకున్నాడు. ఆ రోజునుంచి వాడు చిన్న స్తంభం. వాడి చోటు మెట్లమీద కింది కొస. అక్కని చేసుకున్న బావ కండగలవాడే, పనికి ఒళ్ళు వంచేవాడే, కానీ అతని పాదాలు సన్నగా వంపు తిరిగి ఉంటాయి. "పూల కాళ్ళు" అని మామగారు ఒక్క చూపులో తేల్చేశాడు. పూల కాళ్ళవాడికి పై కొస.

కింది కొస అంటే గౌరవం. మెట్లమీద కిందున్నవాడు చెప్పిందే చెల్లాలని స్తంభం పెట్టిన కట్టుబాటు. బరువంతా దిగేది వాడిమీదకే కాబట్టి. వాడు 'పద' అంటే కదలాలి, 'ఆగు' అంటే ఆగాలి, 'దించు' అంటే మారుమాట లేకుండా దించాలి. దించినవాడు నోరు తెరిచి 'దించాను' అని చెప్పాలి. ఆ మాట చెవిన పడేదాకా కిందున్నవాడు చేతులు వదలకూడదు. వదిలితే బీరువా వాడి గుండెలమీదే కూర్చుంటుంది. కట్టుబాటు మంచిదే. కాకపోతే అది పెట్టిన మనిషి తన జన్మలో మెట్ల నడుమ 'దించు' అనలేదు. అనకపోవడమే ఆయన గొప్ప. అందుచేత కొడుకు కూడా ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు ఆ మాట గొంతుదాకా వచ్చింది. పైన గుమ్మంలోంచి తండ్రి కేకేశాడు. "ఏరా, అక్కడేం చేస్తున్నారు? వచ్చేశారు, ఇంకాస్తే."

వాడు మాట మింగేశాడు. "పద," అన్నాడు.

పళ్ళ బిగువున పైకెక్కించాడు, గదిలో పెట్టాడు, తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూశాడు కూడా. ఆ తర్వాత గోడకి జారగిలబడి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేకపోయాడు. పాదం బయటికి లాగేసినట్టు బిగుసుకుపోయింది. చేత్తో సరిచేయబోతే రాలేదు.

"బెణికింది. కట్టు కట్టి పడుకోబెట్టండి," అన్నాడు స్తంభం. వాడి కాలు ఎన్నిసార్లు పట్టుకున్నా ఆయన నోట వచ్చేది అదే మాట. కంకర దారిలో నడిస్తే బెణికేది, వాలు మీద నడిస్తే బెణికేది. ఇంట్లో కట్టుగుడ్డకి ఒక కొక్కెం కూడా కేటాయించి ఉంది.

"బెణికితే వాయాలి కదా మామయ్యా. ఇది వాయలేదు," అన్నాడు బావ. మామయ్య మాట చెవిన పెట్టకుండా బామ్మర్దిని వీపున వేసుకుని మెట్లు దిగాడు. పూల కాళ్ళమీదే దిగాడు.

*

ఎముకల డాక్టరమ్మ చిన్న మనిషి. రోగి ముందు కుర్చీలో కూర్చోకుండా నేలమీద గొంతుక్కూర్చుని పాదాలు చూసే అలవాటు ఆమెది. స్తంభం వెనకాలే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నొప్పి ఎప్పటినుంచి?"

"పన్నెండో పదమూడో ఏటినుంచండి."

"పదేళ్ళా? ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

చిన్న స్తంభం తన పాదం చూసుకున్నాడు. నొప్పి అని తెలిస్తే కదా రావడానికి. వాడి ఇంట్లో దాని పేరు కాలు దిగడం.

ఆమె మడమని గుప్పిట్లో పట్టుకుని పక్కలకి ఊపబోయింది. పాదం ఊగలేదు, కాలంతా కదిలింది. వాణ్ణి నిలబెట్టి, గోడ పట్టుకుని మునివేళ్ళమీద లేవమంది. లేచాడు. ఆమె వెనకనుంచి చూసి బావవైపు తిరిగింది. "మీరు కూడా ఒకసారి లేవండి."

"నాకేం లేదండి," అన్నాడు బావ కంగారుగా.

"అందుకే లేవమంటున్నాను."

బావ లేచాడు. అతని మడమలు రెండూ చక్కగా లోపలికి తిరిగాయి, అరికాలి కింద వంపు లేచింది. "చూశారా, పాదం ఇలా తిరగాలి. ఇతనిది తిరగటం లేదు, రాయిలా బిగుసుకుని ఉంది," అంది డాక్టరమ్మ. బావ ముఖం వెలిగింది. ఆ ఇంట్లోకి అల్లుడిగా వచ్చాక అతని కాళ్ళని మెచ్చుకున్నవాళ్ళు లేరు.

మామూలుగా తీసిన ఎక్సరే పటంలో ఏమీ దొరకలేదు. పాదాన్ని ఏటవాలుగా పెట్టి తీయించాక దొరికింది. మడమ ఎముక ముందుకి సాగి, పాదం నడుమ ఉన్న పడవలాంటి చిన్న ఎముకని పట్టుకుని ఉంది. ఆ రెంటి మధ్య ఖాళీ ఉండాలి. ఖాళీ ఉండాల్సినచోట ఎముక వంతెన కట్టుకుంది.

"ఇది పుట్టుకతో వచ్చేది. కడుపులో ఉన్నప్పుడే ఈ రెండు ఎముకలూ సరిగ్గా విడిపోవు. చిన్నప్పుడు ఆ అతుకు మెత్తగా ఉంటుంది, పిల్లవాడు గెంతుతూనే ఉంటాడు. పన్నెండేళ్ళ ప్రాయంలో గట్టిపడుతుంది, అప్పుడు పాదం బిగుసుకుంటుంది," అంది ఆమె.

"బరువులు మోయడంవల్ల గట్టిపడింది," అన్నాడు స్తంభం గుమ్మంలోంచి.

"కాదండి. మోయకపోయినా గట్టిపడేది. మోశాడు కాబట్టి నొప్పి పెరిగింది." ఆమె తలెత్తి ఆయన ముఖం చూడలేదు, చెప్పులు చూసింది. "మీరూ ఒకసారి మునివేళ్ళమీద లేస్తారా?"

స్తంభం నవ్వాడు. "నాకేం రోగమమ్మా, యాభై ఏళ్ళనుంచి నడుస్తున్నాను," అని లేవనైతే లేచాడు. మడమలు రెండూ లేచాయి గానీ లోపలికి తిరగలేదు. కొడుకు ఆ మడమల్ని చూశాడు. పెద్ద బొమ్మా చిన్న బొమ్మా ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. కాలు దిగడం, మోసినవాడి కాలు, స్తంభం, చిన్న స్తంభం, అంతా కలిపి ఇదన్నమాట.

*

ముందు కోత లేకుండా చూద్దామంది డాక్టరమ్మ. మోకాలి కిందనుంచి పిండికట్టు వేసి ఆరు వారాలు ఉంచింది.

ప్రపంచం సామాన్లన్నీ మెట్లెక్కించే కుటుంబం లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉంటుంది. కాబట్టి చిన్న స్తంభం ఇల్లు కదల్లేదు. వాడి గది అసలు గదే కాదు, గోదాము. ఇళ్ళు మారేవాళ్ళు వద్దని వదిలేసిన కుర్చీలూ, సొరుగుల బల్లలూ, కాలు విరిగిన స్టూళ్ళూ కప్పుదాకా పేర్చి ఉంటాయి. వాటి నడుమ ఒక మంచం పట్టేంత సందు. కిటికీకి అడ్డంగా ఎవరిదో అద్దాల అలమర. పగలు దీపం వేసుకోవాలి. రాత్రి తిరిగి పడుకోవాలంటే ముందు కట్టుకాలు ఎత్తి కుర్చీ కాళ్ళ మధ్యనుంచి తప్పించి అటు పెట్టాలి, ఆ తర్వాత మనిషి తిరగాలి. కట్టులోపల దురద పుడితే గోక్కునే దారి లేదు. కాలుగాలిన పిల్లిలా తిరగాలని మనసుకి ఉంటుంది, తిరగడానికి కాలూ లేదు, చోటూ లేదు.

తండ్రి రోజూ పనినుంచి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. కట్టుమీద వేలితో కొట్టి చూసేవాడు, పుచ్చకాయ కొనేవాడిలా. "గట్టిగానే ఉంది. నీ చోటు ఎవరికీ ఇవ్వలేదురా. కింది కొస నేనే పడుతున్నాను," అనేవాడు. ఓదారుస్తున్నాననే ఆయన అనుకున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్న స్తంభానికి కుర్చీలన్నీ ఒక జానెడు దగ్గరికి జరిగినట్టు అనిపించేది. కట్టు విప్పితే మెట్లు, విప్పకపోతే గది.

ఏమీ తోచక ఒక సొరుగుల బల్ల ముందుకి లాక్కున్నాడు. సొరుగు రావడం లేదు. ఎవడో పాత రోజుల్లో అతికించేటప్పుడు జిగురు కారి, జారాల్సిన రెండు చెక్కల నడుమ గడ్డకట్టింది. నూనె పోస్తే లాభం లేదు, గట్టిగా లాగితే పిడి ఊడొస్తుంది. సన్న ఉలితో ఆ జిగురు పూర్తిగా గీకేసి, మళ్ళీ అంటుకోకుండా నడుమ కొవ్వొత్తి మైనం రుద్దాడు. సొరుగు హాయిగా జారింది. వాడు దాన్ని లాగాడు, తోశాడు, మళ్ళీ లాగాడు. పక్కగదిలోంచి అమ్మ, "ఏమిట్రా ఆ గోల?" అనేదాకా లాగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కుర్చీ కాళ్ళు అతికించాడు, స్టూళ్ళు నిలబెట్టాడు. అమ్మ వాటిని ఒక్కొక్కటే బయటికి పంపి అమ్మింది. ఏం చేసి బతకాలని ఉందో ఇరవై రెండేళ్ళ మనిషికి ఆ సందులో కూర్చుని తెలిసింది. తెలిసినకొద్దీ భయం వేసింది. ఈ మాట తండ్రికి ఎలా చెప్పడం?

కట్టు విప్పాక నొప్పి తగ్గింది. స్తంభం వారం ఆగాడు. ఎనిమిదో రోజున, "చిన్న సామానేరా, బట్టలుతికే మిషను, రెండో అంతస్తే," అన్నాడు. చిన్న స్తంభం కిక్కురుమనకుండా వెళ్ళాడు. మొదటి మలుపులోనే మేకు మళ్ళీ దిగింది. ఈసారి కూడా 'దించు' అనలేదు. పాదం బిగుసుకుని, కళ్ళు చీకట్లు కమ్మి, మిషను మీదే తల పెట్టేశాడు. కింద తల రేకుకి తగిలిన చప్పుడు విని బావ తనంతట తనే దించేశాడు. కట్టుబాటు తప్పినందుకు మామగారు ఆ సాయంత్రమంతా అల్లుడితో మాట్లాడలేదు.

*

స్కానింగులో పాదం ముక్కలు ముక్కలుగా కనపడింది. డాక్టరమ్మ వెలుగు పలకమీద పటాలు పెట్టి చూపించింది. గదిలో తండ్రి, కొడుకు, బావ ఉన్నారు.

"అదృష్టం బాగుంది, అతుకు ఒక్కచోటే ఉంది. చుట్టుపక్కల కీళ్ళు ఇంకా అరగలేదు. రెండు దారులున్నాయి," అంది ఆమె. "ఒకటి, ఆ వంతెనని కోసి తీసేయడం. ఖాళీలో ఇతని ఒంట్లోదే కాస్త కొవ్వు పెడతాం, ఎముక మళ్ళీ అంటుకోకుండా. పాదం కదులుతుంది. కానీ ఈ బరువుల పని మాత్రం మానుకోవాలి. నా సలహా ఇదే."

చిన్న స్తంభానికి సొరుగు గుర్తొచ్చింది. ఒక్క అక్షరం విడమర్చి చెప్పక్కర్లేకుండా అర్థమైంది.

"రెండోది?" అన్నాడు స్తంభం.

"కీళ్ళు బాగా అరిగిపోయినవాళ్ళకి చేస్తాం. వెనక ఎముకలన్నీ కలిపి మరలు వేసి అతికించేస్తాం. పాదం ఇక పక్కకి కదలదు, ఎప్పటికీ. కదలదు కాబట్టి నొప్పి ఉండదు. ఆ భారం పోయి పైకీళ్ళమీద పడుతుంది, కొన్నేళ్ళకి అవి అరుగుతాయి."

"అది చేస్తే మోయగలడా?"

"కొంతకాలం మోయొచ్చు. కానీ—"

"అయితే అదే చెయ్యండి. అతికించెయ్యండి. కదిలే కాలుతో మాకేం పనమ్మా? నిలబడే కాలు కావాలి." స్తంభం కొడుకు భుజంమీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో ప్రేమే ఉంది. వాణ్ణి ఆ చోట పోగొట్టుకోవడం ఆయనవల్ల కాదు, అంతే. "అసలు స్తంభం అవుతావురా. నన్ను మించిపోతావు."

ఆ చెయ్యి బీరువా అంత బరువుంది. చిన్న స్తంభం కూర్చున్న బల్ల అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు. గదిలో కిటికీ లేదు. వెనక గోడ, ముందు తండ్రి. కాలిలో మరలు బిగిస్తున్న చప్పుడు అప్పుడే వినపడుతున్నట్టుంది. ఎన్నేళ్ళుగా మింగుతూ వచ్చిందో ఆ మాట మళ్ళీ గొంతుదాకా వచ్చింది.

"నాన్నా."

"చెప్పరా."

"కింద ఉన్నది నేను."

స్తంభానికి అర్థం కాలేదు.

"మెట్లమీద కిందున్నవాడు చెప్పిందే చెల్లాలని నువ్వేగా అన్నావు. ఈ కాలు కింద ఉన్నది నేను నాన్నా. నావల్ల కావటం లేదు. మొదటినుంచీ కావటం లేదు." బల్ల అంచుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "దించు."

ఆ మాటకి బదులు ఏం రావాలో ఆ గదిలో డాక్టరమ్మకి తప్ప అందరికీ తెలుసు. స్తంభం పెదవులు కదిలాయి. భుజంమీంచి చెయ్యి తీశాడు, కొడుకునీ వెలుగు పలకనీ మార్చి మార్చి చూశాడు, వెనక్కి తిరిగి బయటికి వెళ్ళిపోయాడు. నడవాలో దుంగల చప్పుడు దూరమైంది.

చిన్న స్తంభం బల్ల అంచు వదల్లేదు. "మొదటిదే చెయ్యండి," అన్నాడు డాక్టరమ్మతో.

*

కోత అయింది. కొవ్వు తొడపైనుంచి తీశారు. "ఇన్నాళ్ళకి నీ ఒంట్లో కొవ్వు ఒక పనికొచ్చింది బామ్మర్దీ," అని బావ ఆసుపత్రి అంతా వినపడేలా నవ్వాడు. అమ్మ వచ్చింది, అక్క వచ్చింది. తండ్రి వచ్చి వార్డు గుమ్మం దగ్గర నిలబడి, కాలెలా ఉందని నర్సుని అడిగి వెళ్ళిపోయేవాడట. ఇంటికొచ్చాక కూడా అంతే. వాడి గదిలో కుర్చీల్ని ఒకరోజు తనే బయటికి మోసి, కిటికీకి అడ్డంగా ఉన్న అలమర జరిపాడు. పని చేశాడు గానీ నోరు తెరవలేదు. వెలుతురు వచ్చింది. అయినా చిన్న స్తంభానికి ఊపిరాడలేదు. 'దించాను' అని బదులు రాకపోతే చేతులెలా వదలడం? నిద్రలో కూడా వాడి పిడికిళ్ళు బిగిసే ఉండేవి. ఒకసారి అమ్మ వేళ్ళు విడదీసి మళ్ళీ దుప్పటి కప్పింది.

కాలు నేలమీద మోపడానికి ముందు వ్యాయామం చేయించాలని ఆసుపత్రికి పిలిచారు. ఆ రోజు బావతోపాటు స్తంభం కూడా వ్యాను ఎక్కాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు.

వ్యాయామం చేయించే అమ్మాయి చిన్న స్తంభాన్ని బల్లమీద కూర్చోబెట్టి, మడమని గుప్పిట్లో పట్టుకుంది. మెల్లగా లోపలికి వంచింది. పాదం వంగింది. బయటికి వంచింది. వంగింది. కొంచెమే, సొరుగు ఒక వేలెడు తెరుచుకున్నంత. వాడు ఊపిరి పీల్చడం మరిచిపోయి చూశాడు. వాడి పాదం వాడికే కొత్త.

స్తంభం రెండడుగులు ముందుకొచ్చాడు. "నొప్పి?" అన్నాడు. ఆ రోజు డాక్టరమ్మ గది వదిలి వెళ్ళిపోయాక ఆయన కొడుకుతో మాట్లాడిన మొదటి మాట అది.

"కుట్లు లాగుతున్నాయి నాన్నా. అంతే."

"లోపల? మేకులా?"

చిన్న స్తంభం తల ఎత్తాడు. మేకు అన్న మాట వాడు ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

"లేదు," అన్నాడు.

స్తంభం అల్లుడివైపు తిరిగాడు. "నీకు? పొద్దున లేచి కాలు కింద పెడితే?"

"నాకెందుకుంటుంది మామయ్యా?"

"మెట్లు దిగేటప్పుడు?"

"లేదు."

"ఎప్పుడూ లేదా?"

"కాలు పెట్టుకుని నడవడానికి నొప్పెందుకు మామయ్యా?" అన్నాడు బావ. ఈసారి ఎగతాళి చేయలేదు.

స్తంభం ఎదురుగా ఉన్న కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. తన పాదాల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "మరి నేను," అన్నాడు, "అందరికీ ఇంతే అనుకున్నానే. అందరికీ నొప్పి ఉంటుంది, మగాడన్నవాడు చెప్పుకోడు, అంతే అనుకున్నాను. మా నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. "నిన్ను కింది కొసకి పెట్టింది అందుకేరా. నాలాంటి కాలు వచ్చిందని."

అమ్మాయి మడమ పట్టుకునే ఉంది. చిన్న స్తంభం చేతులు రెండూ బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, వేళ్ళ కణుపులు తెల్లబడి.

స్తంభం ఆ చేతుల్ని చూశాడు. ఆయనకి అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది?

"దించాను," అన్నాడు.

చిన్న స్తంభం చేతులు వదిలాడు.